అమ్మ కారు, గ్లెండా పానాలు

రోజర్స్ సిటీ
సెప్టెంబరు 5, 1991

అమ్మా,

నీ కారు ఏడుస్తోంది. నవ్వకు, నిజంగానే ఏడుస్తోంది. మన వాకిట్లోకి మలుపు తిప్పానంటే చాలు, ఈనబోయే ఆవులా మూలుగుతుంది. స్టీరింగు తిప్పాలంటే పిడికిళ్ళు బిగించి, పళ్ళు కరిచి లాగాలి. మొన్న చర్చి ముందు మలుపు పూర్తిగా తిరక్క ఫాదర్ గారి పూలమొక్కల్లోకి దూరిపోయాను. ఆయన చొక్కా చేతులు పైకి లాక్కుని, "పావ్లక్ వాళ్ళమ్మాయివి కదూ? మీ అమ్మ కూడా ఇదే మొక్కని తొక్కించింది" అన్నాడు. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?

కారు కింద ఎర్రటి నూనె మడుగు కడుతోంది. నాన్నకి చూపించాను. క్వారీలో ఇల్లంత లారీ నడుపుతాడు గానీ, కారు బానెట్ ఎత్తాలంటే లోపల ఎలుగుబంటి కూర్చున్నట్టు భయపడతాడు. "వసంతం దాకా అలా ఉండనీ" అన్నాడు. వసంతం దాకా నేను అల్పీనా కాలేజీకి ఎగిరి వెళ్ళాలి కాబోలు.

అప్పుడు గ్లెండా ఇంట్లో చెప్పులతోనే బయటికొచ్చింది. నన్ను లోపల కూర్చోబెట్టి స్టీరింగు అటూ ఇటూ తిప్పమని, బానెట్ మీద చెవి పెట్టి విన్నది. "పంపు పోయింది. పవర్ స్టీరింగ్ పంపు. షాపు వాళ్ళని అడిగితే వచ్చే నెలంటారు. మనమే ఇంట్లో ఊడదీద్దాం" అంది. వాళ్ళ నాన్నకి పాత కార్ల దొడ్డి ఉండేదట. చిన్నప్పుడు బొమ్మలతో ఆడినట్టు ఇంజన్లతో ఆడుకుందట. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతోంది కదా, ఆ బస్సుకి చిన్న చిన్న రిపేర్లన్నీ తనే చేసుకుంటుంది.

నీకు చెప్పకుండా ఎందుకు చెయ్యాలని రాస్తున్నాను. ఓడలో అందరూ నీ వంట తింటున్నారా, లేక మళ్ళీ ఎవడైనా సూపులో ఉప్పు ఎక్కువైందని అన్నాడా?

నీ డీనా


సుపీరియర్ సరస్సు మీద, ఓడ స్లోకమ్
సెప్టెంబరు 11

డీనా తల్లీ,

డెట్రాయిట్ నదిలో టపా పడవ పక్కకొచ్చింది. మావాళ్ళు తాడుకి బకెట్టు కట్టి దించారు. పైకొచ్చిన బకెట్టులో అన్నిటికంటే పైన నీ ఉత్తరమే ఉంది. గ్రేవీ కలుపుతూ మొదటి పేజీ చదివి, పెద్దగా నవ్వాను. రెండో పేజీకి వచ్చేసరికి గ్రేవీ అడుగంటింది. ఆ సాయంత్రం నావికులందరూ మాడు గ్రేవీ తిన్నారు. కారణం గ్లెండా అని వాళ్ళకి తెలియదు పాపం.

నా కారు బానెట్ ఎత్తమని ఆవిడకి ఎవరు చెప్పారు? మీ నాన్న సంగతి వేరు. ఆయన్ని నేనే వదిలేశాను, ఆవిడ కట్టుకుంది. వీధి గుమ్మంలో పెట్టిన పాత సోఫాని దారేపోయేవాళ్ళు ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, పోనీ. నా వంటింట్లో కర్టెన్లు మార్చింది. ఊరుకున్నాను. ఆ కారు మాత్రం నేను వీధిలో పెట్టలేదు. ఓడెక్కిన మొదటి ఏడు, మోకాళ్ళ లోతు బంగాళాదుంప తొక్కల్లో నిలబడి సంపాదించి కొన్న కారు అది. దాని తాళంచెవి నీ చేతికిచ్చాను, ఆవిడ చేతికి కాదు.

షాపు వాడు వచ్చే నెలంటే వచ్చే నెలే. నువ్వు అందాకా బస్సులో వెళ్ళు. ఆవిడ బస్సు కాదు, వేరే బస్సు.

అసలు విషయానికొస్తాను. ఈ చలికాలం సరస్సులు గడ్డకట్టి ఓడ కట్టేశాక ఉండడానికి అల్పీనాలో ఒక ఇల్లు చూశాను. రొట్టెల దుకాణం మీద రెండు గదులు. ఒక కిటికీలోంచి నది కనిపిస్తుంది. ఆ కిటికీ ఉన్న గది నీకు. కాలేజీకి నడిచి వెళ్ళొచ్చు. మనిద్దరమే ఉంటాం. వసంతంలో కూడా ఇదే అడిగాను, "చూద్దాంలే" అన్నావు. చూశావా?

నీ అమ్మ (ఊళ్ళో ఇంకెవరైనా ఆ పేరు చెప్పుకుంటే నమ్మకు)


రోజర్స్ సిటీ
సెప్టెంబరు 20

అమ్మా,

నీ ఉత్తరం రావడం ఆలస్యమైంది. అప్పటికే మొదలెట్టేశాం. కోప్పడకు, నిజంగా సరదాగా ఉంది.

శనివారం పొద్దున గ్లెండా నాకు తన పాత ఓవరాల్ ఇచ్చింది. కాళ్ళ దగ్గర మడిస్తే సరిపోయింది. ముందు బెల్టు వదులు చేశాం. తర్వాత గొట్టాలు. "ముఖం పక్కకి పెట్టుకో, అది ఉమ్ముతుంది" అంది గ్లెండా. ఎందుకు ఉమ్ముతుందని అడిగేలోపే ఉమ్మింది. నా జుట్టంతా నూనె. నాన్న టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ వెలుతురు కావాలంటే అక్కడ తప్ప అన్నిచోట్లా వేశాడు.

"లియో, ఆ వెలుతురు నా కళ్ళలో కాదు, బోల్టు మీద."

"ఏ బోల్టు?"

"నువ్వు చూడని బోల్టు."

నేను నవ్వీ నవ్వీ కారు మీదే కూలబడ్డాను. చివరికి ఆమె నాన్నని లోపలికి పంపి టీ పెట్టమంది.

పంపు ఇంకా బయటికి రాలేదు. ముందువైపు బోల్టులు పుల్లీ వెనకాల దాక్కున్నాయి. బెల్టు తిప్పే గుండ్రటి చక్రం, అదే పుల్లీ. దాన్ని లాగడానికి ఒక ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుందట, పుల్లర్ అంటారు. అది బస్సు గరాజులో ఉంది, ప్రస్తుతం వేరేవాళ్ళు వాడుతున్నారట. "అదొచ్చేదాకా ముట్టుకోవద్దు" అంది.

ఆ రోజు రాత్రి భోజనానికి నీ గసగసాల రొట్టె చేసింది. నువ్వు అల్మారా తలుపు లోపల అతికించి వెళ్ళిన కాగితం చూసి. కొంచెం ఎండిపోయింది గానీ నాన్న రెండు ముక్కలు తిన్నాడు.

అల్పీనా గది సంగతి తర్వాత రాస్తాను. ఇప్పుడు చేతులకి నూనె, కాగితం పాడవుతోంది చూడు.

నీ డీనా


క్లీవ్‌లాండ్ రేవు
సెప్టెంబరు 26

డీనా,

కాగితం మీద నీ నూనె వేలిముద్ర చూశాను. బొటనవేలు. పుట్టినప్పుడు ఆ వేలు నోట్లోంచి తీయించడానికి నేను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. ఇప్పుడు అదే వేలు ఆవిడ నేర్పిన పని చేస్తోంది.

ఓవరాల్ మడిస్తే సరిపోయిందా. సంతోషం. నేను పోయిన క్రిస్మస్‌కి కుట్టిచ్చిన కోటు సరిపోలేదన్నావు.

గసగసాల రొట్టె ఎండిపోయిందంటే ఆ కాగితంలో లేనిది ఒకటుంది కాబట్టి. మా అమ్మ నాకు చెవిలో చెప్పింది, నేను ఎక్కడా రాయలేదు. నాన్న రెండు ముక్కలు తిన్నాడంటే మూడో ముక్క వద్దన్నాడన్నమాట. నేను చేసినప్పుడు మూకుడు నాకేవాడు.

పంపు గురించి ఇక్కడ ఇంజను గదిలో అడిగాను. మా ఓడ ఇంజనీరు ఐనార్ నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. పుల్లరూ వద్దు, గిల్లరూ వద్దట. రెండు ఇనప కడ్డీలు తీసుకుని పుల్లీ వెనకాల అటొకటీ ఇటొకటీ దూర్చి, సమంగా మీటుతూ వస్తే ఊడి చేతిలోకొస్తుందట. గరాజు వాళ్ళ దయ కోసం కూర్చోవడం చేతకానివాళ్ళ పని. ఈ మాట ఆవిడకి చెప్పు. లేదా చెప్పకపోయినా ఫర్వాలేదు, నువ్వే చేసెయ్. నా కూతురు అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకోవాలని ఏమైనా రాసిపెట్టి ఉందా?

గది వాళ్ళకి మాట ఇచ్చేశాను. నువ్వు "తర్వాత" అన్నావు, వాళ్ళు "ఇప్పుడు" అన్నారు.

అమ్మ


రోజర్స్ సిటీ
అక్టోబరు 7

అమ్మా,

పుల్లీ వంగిపోయింది. అంచు విరిగింది కూడా. గ్లెండా చేతికి దెబ్బ తగిలింది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీరుకుపోయింది. కుట్లు వేశారు. కొన్నాళ్ళు బస్సు నడపకూడదన్నారు. కారు ఎక్కడిదక్కడే ఉంది. నేను క్లాసుకి పక్కింటావిడతో వెళ్తున్నాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

డీనా


హ్యూరన్ సరస్సు మీద
అక్టోబరు 14

డీనా తల్లీ,

నేను చెప్పానా లేదా? చెప్పాను. వద్దన్నాను. వినలేదు. పాత కార్ల దొడ్డిలో పుట్టినంత మాత్రాన అన్నీ వచ్చేస్తాయా? చేపల బజారులో పుట్టినవాళ్ళందరూ ఈదుతున్నారా?

చేతికి దెబ్బ తగిలినందుకు బాధగానే ఉంది. ఎవరికి తగిలినా బాధే. కానీ ఒక సంగతి అర్థం చేసుకో. తెలియని పని తెలిసినట్టు చేసి, నీ ముందు గొప్పలు పోవాలని చూసింది ఆవిడ. నా పుల్లీ వంచింది. నా కారు వాకిట్లో చచ్చిన గుర్రంలా పడి ఉంది. నువ్వేమో పరాయివాళ్ళ కారెక్కి వెళ్తున్నావు. ఇదంతా దేనికి? నిన్ను నవ్వించడానికి. నీకు ఓవరాల్ తొడిగి, నిన్ను తన పిల్లలా చేసుకోవడానికి.

నేను సరస్సు మధ్యలో ఉండి అరిస్తే నీకు వినబడదు. ఆవిడ పక్క గదిలోంచి దగ్గితే వినబడుతుంది. ఆ సంగతి నాకు తెలియదనుకోకు.

నవంబరు ఒకటికల్లా నీ సామాను అల్పీనా గదికి చేర్చు. నేను వచ్చేదాకా అక్కడే ఉండు. ఇది అడగడం కాదు.

నిన్ను కన్నది


రోజర్స్ సిటీ
అక్టోబరు 22

అమ్మా,

ఈ ఉత్తరం రాయవద్దని గ్లెండా చెప్పింది. "ఆవిడ నీళ్ళ మధ్యలో ఉంది, ఎటూ వెళ్ళలేదు, మనసు కష్టపెట్టకు" అంది. అయినా రాస్తున్నాను.

పుల్లీ వంచింది గ్లెండా కాదు, నేను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆమె సాయంత్రం బస్సు తిప్పడానికి వెళ్ళింది. నేను షెడ్డులోంచి రెండు కడ్డీలు తెచ్చాను. మీ ఐనార్ చెప్పినట్టే అటొకటీ ఇటొకటీ దూర్చి మీటాను. నీకు రాయాలనుకున్నాను, "అమ్మా, నువ్వు చెప్పినట్టు చేశాను, వచ్చేసింది" అని. అందుకే చేశాను.

అది రాలేదు. ఇంకా గట్టిగా మీటాను. గ్లెండా అప్పుడే వచ్చి, బస్సు దిగి పరుగెత్తుకొచ్చింది. "ఆపు ఆపు" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడే పుల్లీ అంచు విరిగి కడ్డీ జారింది.

ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే "నాదే తొందరపాటు" అంది. నాన్నకీ అదే చెప్పింది. బస్సు వాళ్ళకీ అదే చెప్పింది. ఊళ్ళో అందరూ ఆమెని చూసి నవ్వుతున్నారు, "ఏం గ్లెండా, కారు కరిచిందా?" అని. ఆమె కూడా నవ్వుతోంది. ఎడం చేత్తో కాఫీ కలుపుకుంటోంది.

నువ్వు రాసిన ఉత్తరం ఆమెకి చూపించలేదు. చూపించలేను. "చచ్చిన గుర్రం" అన్నావు. "గొప్పలు పోవాలని" అన్నావు. అమ్మా, నీ ఉత్తరాలన్నీ నేను భోజనాల దగ్గర పైకి చదువుతాను. ఇది చదవలేదు.

నా సామాను ఎక్కడికీ చేర్చను. ఆ గది కావాలా అని నన్నెవరూ అడగలేదు. అడిగినట్టు రాశావు, అంతే.

డీనా


రోజర్స్ సిటీ
నవంబరు 12

అమ్మా,

నువ్వు వచ్చావట!

నిన్న క్లాసు నుంచి వచ్చేసరికి వరండాలో పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద పంపు. నల్లగా, జిడ్డుగా, బొర్లా పడుకున్న తాబేలులా. పక్కనే విరిగిన పుల్లీ. బానెట్ మూసి ఉంది. లోపలికెక్కి తాళం తిప్పాను. మూలుగు లేదు. స్టీరింగు వేలితో తిరిగింది.

వంటింట్లో గ్లెండా ఒక్కతే కూర్చుని ఉంది. "ఎవరు చేశారు?" అన్నాను. "మీ అమ్మ వచ్చింది" అంది. "ఏమంది?" "ఆమెనే అడుగు." "నువ్వేమన్నావు?" "అది కూడా ఆమెనే అడుగు." నాన్నని అడిగితే "నేను పనిలో ఉన్నాను, దేవుడు నా పక్షాన ఉన్నాడు" అన్నాడు.

నేను లేనప్పుడు ఎందుకొచ్చావు? నామీద కోపమా? వస్తున్నావని తెలిస్తే క్లాసు ఎగ్గొట్టేదాన్ని. ఏం జరిగిందో రాయి. అన్నీ రాయి.

డీనా


సుపీరియర్ సరస్సు మీద
నవంబరు 18

డీనా తల్లీ,

నీమీద కోపం లేదు. నువ్వు ఇంట్లో ఉంటావనే వచ్చాను. ఓడ సున్నపురాయి ఎక్కించుకోవడానికి మన రేవుకే వస్తుందని ముందురోజే తెలిసింది. ఉత్తరం వేసే వ్యవధి లేదు. ఫోను చేసి ఉండొచ్చు. గ్లెండా ఎత్తుతుందేమోనని చెయ్యలేదు.

నీ ఉత్తరం ఏప్రను జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను అప్పటికి. చదివి చదివి మడత దగ్గర చిరిగింది. ముందు ఒక మాట చెప్పాలి. కడ్డీలతో మీటమని ఐనార్ అనలేదు. అతను "పుల్లరు కావాలి, మీ అమ్మాయికి చెప్పినావిడ సరిగ్గానే చెప్పింది" అన్నాడు. ఆ "సరిగ్గానే" అన్న మాట నాకు గొంతు దిగలేదు. కడ్డీల సంగతి బల్ల దగ్గర కూర్చున్న ఒక కుర్ర నావికుడు గొప్పకి అన్నాడు. నేను అది తీసుకుని ఐనార్ పేరు పెట్టి నీకు పంపాను. నీ చేత్తో ఆవిడ ఓడిపోవాలని. నీ చెయ్యే తెగి ఉండేది.

ఐనార్ని అడిగి అతని పెట్టెలోంచి పుల్లర్ తీసుకున్నాను. "ఓడ సామాను, తిరిగి తేకపోతే నిన్ను సరస్సులో పడేస్తాను" అన్నాడు. రేవు నుంచి ఇంటిదాకా నడిచాను. సన్నటి మంచు వాన.

గ్లెండా తలుపు తీసింది. చేతికి కట్టు ఉంది.

"డీనా లేదండీ" అంది.

"తెలుసు" అన్నాను. తెలియదు.

"లోపలికి రండి."

"వద్దు. నా కారెక్కడ?"

"ఎక్కడ వదిలేసిందో అక్కడే. కొత్త పంపూ పుల్లీ తెప్పించాను. చెయ్యి మానాక వేద్దామని."

పుల్లర్ తీసి చూపించాను. గ్లెండా నా మొహం చూడలేదు, పుల్లర్‌ని చూసింది. లోపలికెళ్ళి నీ ఓవరాల్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు నడుం దగ్గర పట్టలేదు. కోటు మీదే పని మొదలెట్టాను. ఇప్పుడా కోటు చూస్తే ఏడుస్తావు.

అది చెప్పింది, నేను చేశాను. అది నాకు చెప్పడం, నేను వినడం! సన్నజాజి తీగలాంటి మనిషి, గొంతు మాత్రం రేవు సైరను.

"మధ్యలో పెట్టి మర తిప్పండి. ఎడమకి కాదు."

"నాకు ఎడమ తెలుసు."

"తెలిస్తే కుడికి తిప్పండి."

పుల్లీ కీచుమని అరిచి ఊడింది. వెనకాల బోల్టులు బయటపడ్డాయి. తుప్పు పట్టి, ఒకటి అసలు కదలలేదు. ఇద్దరం కలిసి పానా పట్టుకున్నాం, నావి రెండు చేతులు, దానిది ఒకటి. బోల్టు ఒక్కసారి వదిలేసరికి ఇద్దరం వెనక్కి పడ్డాం. మంచు బురదలో. నేను తిట్టాను. అది కూడా తిట్టింది. ఒకే తిట్టు.

అలా కూర్చునే అడిగాను, "నేను రాసినందుకే అమ్మాయి అలా చేసిందని నీకు తెలుసు కదా?"

"ఉత్తరం పనిముట్ల పెట్టె మీదే తెరిచి ఉంది. చదివాను. చదవకూడదు, చదివాను."

"మరి చదివినట్టు అమ్మాయికెందుకు చెప్పలేదు? నన్ను తిట్టలేదే?"

కట్టుకి అంటిన బురద దులుపుకుంది. తర్వాత ఆగకుండా మాట్లాడింది. "మీ ఉత్తరం వచ్చిన రోజు ఆ ఇంట్లో నేను లేనట్టే. అన్నం దగ్గర పైకి చదువుతుంది. మళ్ళీ మళ్ళీ చదువుతుంది. లియో పగలబడి నవ్వుతాడు. నేను ఏ వంట చేసినా 'ఇర్మా అయితే ఇందులో' అని మొదలెట్టి ఆపేస్తాడు. అనేసినా బాగుండును. ఆ అమ్మాయికి ఇంజను నేర్పాను కదా, పుల్లీ ఊడిందని ముందు ఎవరికి రాయాలనుకుందో తెలుసా? నేను పక్కనే ఉన్నాను. పక్కనున్నవాళ్ళకి ఎవరు ఉత్తరాలు రాస్తారు? నా పేరుమీద ఆ ఇంటికి కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు. మిమ్మల్ని తిడితే ఆ అమ్మాయి మీ వైపుకి వెళ్ళిపోతుంది. అందుకని ఊరుకున్నాను. నా మంచితనం ఏమీ లేదు."

డీనా, నీతో అబద్ధం ఎందుకు? అది వింటూంటే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఈ మనిషి నన్ను చూసి కుళ్ళుకుంటోంది! రాత్రింబవళ్ళు నా కూతురు పక్కన ఉండే మనిషి! ఆ సంతోషం పంపు బయటికి లాగేదాకా ఉంది. చేతిలో ఆ బరువు పెట్టుకుని, దాని కట్టు కట్టిన చెయ్యి చూశాను. ఆ సంతోషం ఇక నిలవలేదు.

"పుల్లర్ కావాలనే చెప్పాడు మా ఇంజనీరు. నువ్వు చెప్పిందే చెప్పాడు" అన్నాను.

అది నా మొహంకేసి చూసింది. అప్పటిదాకా "మీరు" అంటున్న మనిషి, "ఆ కింది బోల్టు ఇంకొంచెం బిగించు, ఇర్మా" అంది.

కొత్తది వేసి, నూనె పోసి, గొట్టాల్లో చేరిన గాలి పోయేదాకా స్టీరింగు అటూ ఇటూ తిప్పాం. అంతలో ఓడ కూత. ఇక నడిస్తే అందుకోలేను. నేనే కారు నడిపాను, అది పక్కన కూర్చుంది. రేవు గేటు దగ్గర దిగాక అది ఇటు జరిగి స్టీరింగు ముందు కూర్చుంది. "ఒక్క చేత్తో ఎలా వెళ్తావు?" అన్నాను. "ఇప్పుడు ఒక్క చేయి చాలు" అంది. వేళ్ళతో స్టీరింగు తిప్పి, నా కారుని అలవోకగా మలుపు తీసి వెళ్ళిపోయింది.

అంతా అయ్యాక కూడా అది నా కారు నడపడం చూస్తే నాకు కడుపులో మండింది. దాచను.

అల్పీనా గదిలో నేనే ఉంటాను. నువ్వు వస్తే రా.

అమ్మ


రోజర్స్ సిటీ
నవంబరు 29

అమ్మా,

నీ ఉత్తరం పైకి చదవలేదు. గ్లెండాకి ఇచ్చి చదువుకోమన్నాను. చదివి "సన్నజాజి తీగా?" అని, అద్దం దగ్గరకెళ్ళి చూసుకుంది.

అమ్మా, నేనొక మాట దాచాను. వేసవిలోనే పెద్ద వంతెన అవతల సూ ఊళ్ళో కాలేజీకి దరఖాస్తు పెట్టాను. జనవరిలో రమ్మన్నారు. అందుకే నీ గది గురించి "తర్వాత, తర్వాత" అన్నాను. ముందు నీకు చెబితే గ్లెండా చిన్నబుచ్చుకుంటుంది, ముందు గ్లెండాకి చెబితే నువ్వు ఓడ దూకేస్తావు. ఎవరికి ముందు చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు. నేను గ్లెండా కోసం ఉండిపోతున్నానని నువ్వనుకున్నావు. నీ దగ్గరికి వెళ్ళిపోతానని గ్లెండా అనుకుంది. నేను ఇద్దరి దగ్గరా ఉండను. కారు బాగుపడాలని నేను అంత తొందరపడింది కూడా ఇందుకే.

ఈ ఉత్తరం పొద్దున డబ్బాలో వేస్తాను, సాయంత్రం వాళ్ళకి చెబుతాను.

మర్నాడు రాస్తున్నాను. ఉత్తరం వెయ్యలేకపోయాను, ముందు ఇక్కడే చెప్పేశాను. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. గ్లెండా "మంచిది" అంది. లేచి కోటు వేసుకుని బయటికెళ్ళింది. కిటికీలోంచి చూస్తే, నీ కారు మంచులో జారకుండా మంచు టైర్లు వేస్తోంది. కుట్లు తీశారు గానీ ఆ చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోదు. సాయానికి వెళ్తే "లోపల ఉండు, చలి" అంది.

ఓడలు ఒక సరస్సులోంచి ఇంకో సరస్సులోకి దాటే సూ లాకుల పక్కనే నా గది, అమ్మా. మీ ఓడ అటే కదా వెళ్ళేది? కంచె దగ్గర నిలబడి చెయ్యూపుతాను.

నీ డీనా


డులూత్ రేవు
డిసెంబరు 8

డీనా తల్లీ,

ముందు సూ అన్న మాట చదివాను. పక్కనున్న కుర్రాడిని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఆ పూట అందరికీ రెండేసి యాపిల్ పై ముక్కలు. మార్చి ఆఖర్న లాకులు తెరిచారంటే, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి! ఓడ లాకులో దిగుతున్నంతసేపూ నువ్వు కంచెకి అవతల, నేను ఇవతల. కేక వేస్తే వినబడేంత దూరం. గెలిచాననుకున్నాను. అల్పీనా కంటే మంచి గది నీకే దొరికింది, నేను వెతకకుండానే.

బంగాళాదుంపలు చెక్కుతూ మిగతా పేజీ చదివాను. మంచు టైర్ల దగ్గర ఆగిపోయాను. ఆ పంపుని మేమిద్దరం బురదలో పడి మరీ లాగింది నువ్వు వెళ్ళిపోవడానికన్నమాట. నీ దారి నావైపు ఉంది. గ్లెండావైపు లేదు. ఆ సంగతి తెలిసే టైర్లు వేసింది.

రేవులో ఫోను డబ్బా చూసి ఇంటికి చేశాను. అదే ఎత్తింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఏమీ లేదు. డీనా సామాను సర్దుకుంటోంది. సాయం చేస్తానంటే వద్దంది."

ఏదో ఒక దెప్పు మాట అనాలని నోరు తెరిచాను. దొరకలేదు. నాకు! "క్రిస్మస్ ముందురోజు భోజనానికి రా, లియో చేపలు తెస్తున్నాడు" అంది. "చూస్తాను" అన్నాను. నీలాగే.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను, మళ్ళీ చెప్పను, చెబితే నా మనసు మారుతుంది. సూలో దిగి గది తలుపు తీసి, మంచం మీద కూర్చున్నాక నువ్వు రాసే మొదటి ఉత్తరం నాకు రాయకు. గ్లెండాకి రాయి. పైన దాని పేరు రాయి, "అందరికీ" అని కాదు. కారు ఎలా నడిచిందో, వంతెన మీద గాలికి ఎటు కొట్టిందో, బెల్టు చప్పుడు చేసిందో లేదో, అన్నీ రాయి. నేను నీ మొహం చూస్తాను, నాకు ఓడ ఉంది. గ్లెండా గుమ్మం ముందు నుంచి టపావాడు తప్ప ఎవరూ పోరు.

రెండోది నాకు. అది దానికి రాసినదానికంటే పొడుగ్గా ఉండాలి. ఎంత పొడుగో నేను దాన్ని అడిగి తెలుసుకుంటాను.

అమ్మ